ఆరీ ఆరని రంగు

ఈ కేసులో చచ్చిపోయింది బావ. అనుమానం మీద లాకప్‌లో ఉన్నది బావమరిది. డిటెక్టివ్‌గా నన్ను పెట్టుకున్నది ఆ ఇద్దరికీ మధ్యనున్న మనిషి, ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. భర్త పోయి రెండు రోజులైంది. ఆవిడకి కూర్చుని ఏడ్చే తీరిక కూడా దొరకలేదు. తమ్ముణ్ణి బయటికి తేవాలి, ఇంకేమీ అక్కర్లేదు అని మాత్రం అంది.

ఆవిడ ఇంట్లో ముందుగదిని సగం కుట్టుమిషనే ఆక్రమించింది. బోట్లకు పరుపుల గలేబులు, టార్పాలిన్లు కుట్టడం ఆవిడ పని. గోడవార కొత్త నీలం రెక్సిన్ తొడిగిన పొడుగాటి పరుపులు రెండు, వాటి మీద అదే రెక్సిన్‌తో కుట్టిన దిండు ఒకటి ఉన్నాయి. ఆయన శవం దొరికిన బోటు కోసం కుట్టినవేనట. బోటులో కొత్తగా వేసిన రంగు వాసన పూర్తిగా పోయేదాకా ఇవి లోపలికి తీసుకెళ్ళకూడదని, రెక్సిన్‌కి ఆ వాసన పట్టిందంటే ఇక వదలదని చెప్పింది. వాటి వైపు చూడకుండా చెప్పింది. మొగుడి బోటు కోసం కుట్టినవి కదా, చూడలేకపోతోంది అనుకున్నాను.

బావ, బావమరిది కలిసి కొన్న పాత చేపల బోటు అది. బావ ఒడ్డునుండి బేరాలు చూసుకునే మనిషి. సముద్రం మీదకి వెళ్ళేది బావమరిదే. బయటినుంచి చూస్తే బోటు బాగానే ఉంది గానీ లోపల క్యాబిన్ మరీ పాడైంది. వార్నిష్ పొరలు పొరలుగా లేచిపోయింది, గోడలకు కొట్టిన ప్లైవుడ్ ఉబ్బిపోయింది, పడుకునే బల్లలు చీలిపోయాయి, నేల నున్నగా అరిగి కాలు పెడితే జారుతోంది. అందుకని బోటును షెడ్డులోకి ఎక్కించి, రంగుల మేస్త్రిని మాట్లాడుకుని లోపలంతా కొత్తగా చేయిస్తున్నారు.

మొన్న మధ్యాహ్నం మూడింటికి బావా బావమరుదులు క్యాబిన్‌లో గట్టిగా పోట్లాడుకోవడం షెడ్డు వాచ్‌మన్ విన్నాడు. నాలుగవుతుండగా బావమరిది ఒక్కడే గేటు దాటి వెళ్ళాడు. ఆ తర్వాత బావను ప్రాణాలతో చూసినవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున రంగుల మేస్త్రి క్యాబిన్ తలుపు తీస్తే ఎడమవైపు బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. తల వెనక పగిలి ఉంది. నేల మాత్రం కొత్త బూడిదరంగు పూతతో నిగనిగలాడుతోంది. దానిమీద ఒక్క అడుగు జాడ లేదు.

నేను షెడ్డుకు వెళ్ళేసరికి ఎస్సై బోటు పక్కన నిచ్చెనకి జారబడి నా కోసమే ఎదురు చూస్తున్నట్టు నిలబడ్డాడు. ఈ ఎస్సై నాకు స్వయానా మరిది. ఇంట్లో నా చేతి వంట లొట్టలేసుకుంటూ తింటాడు, బయట నేను కనిపిస్తే మొహం మాడ్చుకుంటాడు.

"రండి వదినా. అన్నయ్య భోంచేశాడా, మీ కేసులు వింటూనే కడుపు నింపుకుంటున్నాడా?"

"మీ అన్నయ్య శుభ్రంగా తిన్నాడు. నువ్వే ఈ కేసుని నమలకుండా మింగేశావని విని వచ్చాను," అన్నాను.

అతను నవ్వలేదు. నన్ను క్యాబిన్ గుమ్మం దాకా తీసుకెళ్ళి, మెట్ల మీద నిలబెట్టి, నేల చూపించాడు. రంగేసినవాడు లోపలినుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మందాకా వచ్చాడు, అందుకే ఆఖరి రోలర్ చారలు మెట్టు దగ్గర ఉన్నాయి అన్నాడు. అంటే వేసినవాడు బయటికి వెళ్ళాడు, చచ్చినవాడు లోపలే ఉండిపోయాడు. నేల మీద అడుగు పడలేదు కాబట్టి రంగు వేసేటప్పటికే శవం బల్ల మీద ఉంది. చొక్కా వీపుకి కూడా అదే రంగు, కాలు జారకుండా దానిమీద చల్లే ఇసుకతో సహా అంటుకుంది. మెట్ల దగ్గరున్న ఇంజన్ పెట్టె మూలకి తల కొట్టుకుని పచ్చి రంగులో పడ్డాడు, ఎవరో లేపి బల్ల మీద పడుకోబెట్టారు, మళ్ళీ నేల నున్నగా చేసుకుంటూ వెళ్ళిపోయారు. నేలకి రంగేసింది నేనే అని బావమరిది తన నోటితోనే చెప్పాడు.

"ఇంకేం కావాలి వదినా మీకు?"

మా మరిది తెలివితక్కువవాడైతే నాకింత కోపం రాదు. అతను చెప్పిందాంట్లో వేలు పెట్టడానికి చోటు కనపడలేదు. నా ఎదురుగా మిషను ముందు కూర్చున్న ఆ మనిషి మొహం గుర్తొచ్చింది. ఆవిడకి మిగిలింది ఆ తమ్ముడు ఒక్కడే.

పోట్లాట దేనికి అని అడిగాను. గోడ చెక్క గురించి అన్నాడు. ఎడమవైపు బల్ల వెనక ప్లైవుడ్ పలక ఒకటి, బావమరిది లేనప్పుడు బావే దగ్గరుండి బిగించేశాడు. దాని వెనక బోటు కర్ర ఎలా ఉందో చూడందే మూయొద్దన్నాను కదా అని బావమరిది, సీజన్ నెత్తిమీదకొచ్చింది ఇప్పుడు మళ్ళీ విప్పుతావా అని బావ అరుచుకున్నారట. వాచ్‌మన్ విన్నది అంతే. చెక్కముక్క కోసం బావను చంపాడంటే నేను నమ్మనన్నాను. జనం అంతకంటే చిన్న వాటికే చంపుకుంటున్నారని మా మరిది పెదవి విరిచాడు.

రంగుల మేస్త్రిని పిలిపించాను. పొట్టి మనిషి, గోళ్ళలో మూడు రంగులు ఇరుక్కుని ఉన్నాయి. శవాన్ని మొదట చూసింది తనే కావడంతో అప్పటికే బిక్కచచ్చి ఉన్నాడు. నేను శవం సంగతి ఎత్తలేదు. ఎడమవైపు పలకను వేళ్ళతో తడుతూ, మిగతా పలకలన్నిటికీ మరల తలల మీద లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ వేశావు, చూడముచ్చటగా ఉంది, దీనికి మాత్రం మరలు ఊరికే వదిలేశావేం అన్నాను.

"దాన్ని నేను బిగించలేదమ్మా. ఆయనే బిగించుకున్నాడు. ఆ రోజు నన్ను రావద్దన్నాడు."

"రావద్దంటే ఎందుకని అడగలేదా?"

"ఆయన బోటు, ఆయనిష్టం."

"విప్పుతున్నాను. లోపల ఏముంటుందో ముందే చెబితే నీకే మంచిది."

నేను స్క్రూడ్రైవర్ తీసి మొదటి మర తిప్పేసరికి మేస్త్రి ఎస్సై వైపు ఒకసారి, గుమ్మం వైపు ఒకసారి చూశాడు. నాలుగో మర ఊడేసరికి చెప్పడం మొదలుపెట్టాడు. పాత ప్లైవుడ్ ఊడదీసినప్పుడే తను చూశాడట. బోటు పక్క చెక్కల్ని పట్టి నిలిపే వంపు దూలాలు ఆ వైపు మూడు పుచ్చిపోయాయి. బావకు చూపిస్తే ఆయన మొహం పాలిపోయిందట. కాసేపు కూర్చుని, లేచి, దీని సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు, లప్పం దట్టించి రంగు కొట్టెయ్, ఒక్క సీజన్ ఆగితే చాలు అన్నాడట. మేస్త్రి లప్పం దట్టించాడు, రంగు కొట్టాడు, నోరు మూసుకున్నాడు.

పలక చేతికొచ్చింది. వెనకనుంచి తడి గోనెసంచి విప్పినట్టు వాసన కొట్టింది. దూలాలు పైకి చక్కగా, తెల్లగా ఉన్నాయి. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. ఒళ్ళు మండింది నాకు. సముద్రం మీద ఈ బల్ల మీద మనుషులు పడుకుంటారు, వాళ్ళ తలకీ నీళ్ళకీ మధ్యనున్నది ఇది. మేస్త్రిని నాలుగు మాటలు అన్నాను. అతను తల దించుకుని విన్నాడు.

మా మరిది మాత్రం పండగ చేసుకున్నంత పని చేశాడు.

"చాలా థాంక్స్ వదినా. ఇప్పటిదాకా చెక్క కోసం గొడవ అనుకున్నాను. ప్రాణాల మీదకి తెచ్చాడని తెలిసి చంపాడు. కోర్టులో నా పని సగం మీరే చేసిపెట్టారు."

పుండు మీద కారం చల్లినట్టయింది నాకు. తమ్ముణ్ణి బయటికి తెమ్మని ఆవిడ నన్ను పంపిస్తే, నేను అతని కాళ్ళకి ఇంకో గొలుసు తగిలించాను.

మోకాళ్ళ మీద కూర్చుని నేల చూడ్డం మొదలుపెట్టాను. పోలీసుల బూట్లు రంగు ఆరాకే తిరిగాయి కాబట్టి దుమ్ము తప్ప వాటివల్ల పోయిందేమీ లేదు. పదేళ్ళు బీమా కంపెనీ కోసం బోట్లలో దూరి పనిచేసినదాన్ని, ఈ పని ఎలా సాగుతుందో నాకు తెలుసు. క్యాబిన్‌లో నేల చిట్టచివరి పని. తడి కాళ్ళు జారకుండా మొదటి పూత పచ్చిగా ఉండగానే దానిమీద సన్నటి ఇసుక చల్లుతారు. అది రాత్రంతా ఆరాలి. మర్నాడు అంటుకోని ఇసుక ఊడ్చేసి, అంటుకున్నదాని మీద రెండో పూత వేస్తారు. అది కూడా ఆరి, నాలుగైదు రోజులు గాలాడి, వాసన పోతే, అప్పుడు పరుపులు.

బల్లల కింద, మూలల్లో రంగు బాగానే ఉంది. గుమ్మం నుంచి ఎడమవైపు బల్ల దాకా మాత్రం, కాచిన పాలమీద మీగడ తట్టుకట్టినట్టు ముడతలు పడి ఉంది. చాకుతో అక్కడ చిన్న పెచ్చు లేపాను. రెండు పొరలు. ఇసుక మొత్తం కింది పొరలోనే కరుచుకుని ఉంది. పై పొరలో ఒక్క రేణువు లేదు.

మేస్త్రికి పెచ్చు చూపించి, నువ్వు వేసిన పూత ఇలా ముడతలు పడితే ఏమంటావు అని అడిగాను. నా పని కాదంటాను అన్నాడు వెంటనే. కింది పూత ఆరీ ఆరకుండా పైన ఇంకోటి వేస్తేనే ఇలా లేస్తుందన్నాడు. అప్పుడే వేసిన పచ్చి రంగు మీద ఇంకో పూత వేస్తే అని అడిగాను. అప్పుడు ముడతలేం పడతాయి, రోలర్‌కి ఇసుక అంటుకుని రెండూ కలిసి ముద్దవుతాయి అన్నాడు. ఇసుక ఇలా కింద నిలబడాలంటే మొదటి పూతకు పై పొర గట్టిపడాలి. ఈ గాలి ఆడని చోట దానికెంత సేపు పడుతుంది అని అడిగాను.

"మూడు గంటలైనా పడుతుందమ్మా. పొద్దుగుంకాక వేసుంటారు."

మా మరిది చేతిలోని సిగరెట్టు వెలిగించడం మానేశాడు. బావమరిది నాలుగింటికి ఇక్కడినుంచి బయల్దేరి నేరుగా వలల షెడ్డుకు వెళ్ళాడు. అర్ధరాత్రి దాకా అక్కడే వలలు అల్లుతూ కూర్చున్నాడు. పదిమంది అదే మాట చెప్పారు, వాళ్ళ దగ్గర సంతకాలు తీసుకున్నది కూడా మా మరిదే. మధ్యాహ్నం హత్యకి ఆ సాక్ష్యం ఎందుకూ పనికిరాదని పక్కన పడేశాడు.

"అతను ఒక్క పూత వేసి ఇసుక చల్లి వెళ్ళాడు. రెండోది ఇంకెవరో వేశారు. నువ్వు కేసు మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నావు, అది జరిగింది చీకటిపడ్డాక," అన్నాను.

"ఎవరో వచ్చి పచ్చి నేల తొక్కి, శవాన్ని బల్లెక్కించి, అడుగులు కనపడకుండా మళ్ళీ రంగేసి పోయారంటారు. అడుగులేవి మరి?"

అరచేత్తో నేల తడిమాను. గరుకు, గరుకు, గరుకు, ఉన్నట్టుండి నున్నన. ఆరీ ఆరని రంగు తొక్కితే ఇసుక అరికాలికి అంటుకుపోతుంది. పైన ఎంత రంగు పూసినా ఆ చోటు బోడిగానే ఉంటుంది. బల్ల దగ్గర ఒకటి బాగా తేలింది. మడమ, పాదం, వేళ్ళు. చెప్పు విడిచి నా కాలు దాని పక్కన పెట్టాను. కొలిచినట్టు సరిపోయింది.

మా మరిది కూడా కూర్చుని తడిమి చూశాడు. ఈసారి నవ్వాడు. "అయితే చంపింది మీరేనా వదినా?" అన్నాడు. తర్వాత రంగుల మేస్త్రి పాదాల వైపు చూశాడు. పొట్టి మనిషికి పొట్టి పాదాలు. మేస్త్రి రెండడుగులు వెనక్కి వేశాడు. పుచ్చు సంగతి దాచినవాడు, శవాన్ని మొదట చూసినవాడు, రోలర్ పట్టడం వచ్చినవాడు. మా మరిది కళ్ళలో కొత్త కేసు కదలడం నాకు కనపడింది. నేనూ ఆ దారినే ఆలోచించి ఆగాను. మేస్త్రికి ముడతల సంగతి తెలుసు. తప్పనిసరై వేసినా ఆ రంగు అలా లేస్తుందని తెలిసినవాడు పొద్దున్నే తనే తలుపు తీసి అందరినీ పిలవడు. కనీసం ఆ ముడతలకి వేరే ఏదో కారణం చెప్పి సర్దుకుంటాడు.

శవం ఫోటో నా ఫోన్‌కి పంపమన్నాను. అప్పటిదాకా నేను దాన్ని చూడలేదు. ఎడమవైపు బల్ల, దానిమీద సన్నపాటి మనిషి, చేతులు పొట్ట మీద సర్దినట్టు ఉన్నాయి. తల కింద నీలం రెక్సిన్ దిండు.

ఈ దిండు ఎక్కడుందని అడిగాను. రక్తం అంటింది కాబట్టి పరీక్షకు పంపాను, బల్ల మీద దిండుంటే వింతేముంది అన్నాడు. రెండు బల్లలకి రెండు పరుపులు, రెండు దిళ్ళు ఉండాలి. ఆవిడింట్లో గోడవార నేను చూసింది ఒక్క దిండే. నా లెక్క తప్పయితే బాగుండునని మనసారా కోరుకున్నాను. ఆ దిండు బావమరిది రంగు వేసేటప్పటికే బల్ల మీద ఉంటే నా అనుమానం అక్కడితో పోతుంది. అది అడగడానికే స్టేషన్‌కి బయల్దేరాను.

స్టేషన్ వరండాలో బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. ఒళ్ళో తమ్ముడికి తెచ్చిన ఉతికిన బట్టల సంచి. నన్ను చూసి లేవబోతే కూర్చోమని సైగ చేసి లోపలికి వెళ్ళాను. ఆవిడ మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

తమ్ముడు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. కింద పెదవి చిట్లింది. ఎలా చిట్లిందో అడగక్కర్లేదు. ఈ రెండు రోజుల్లో ఎంత కొట్టినా నేను కాదు అన్న మాట ఒక్కటే చెప్పాడని కానిస్టేబుల్ విసుక్కున్నాడు. నాకూ అదే చెప్పాడు. పోట్లాడిన మాట నిజమే, ఆ తర్వాత బావ విసురుగా సముద్రం వైపు వెళ్ళిపోయాడు, తను ఒక పూత వేసి, ఇసుక చల్లి, తలుపు దగ్గరికి వేసి వెళ్ళాడు. రోలర్, రంగు డబ్బా మర్నాటికి కావాలని గుమ్మం బయటే పెట్టాడు.

"బల్లల మీద ఏమైనా ఉందా అప్పుడు?"

"ఏముంటుందండీ, ఖాళీ బల్లలే. గరుకు కాగితంతో రుద్దిన పొడుంటే అది కూడా తుడిచాను."

"పరుపులు, దిళ్ళు?"

"అవి అక్క దగ్గరే ఉన్నాయి. వాసన పోయేదాకా ఇవ్వనంది. ఎందుకు?"

ఎందుకో చెప్పకూడదనే అనుకున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది, ఫోటో తెరిచే ఉంది. ఊచల్లోంచి చెయ్యి చాపి అతను ఫోన్ అందుకుంటుంటే నేను వెంటనే వెనక్కి లాక్కోలేకపోయాను. బావ మొహం వైపు చూశాడు. తర్వాత ఆ మొహం కింద చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోన్ జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

"ఎస్సై గారిని పిలవండి."

"దేనికి?"

"నేనే చంపాను. రాసుకోమనండి."

నేను పిలవకముందే ఎస్సై వచ్చాడు. నేను అతన్ని గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాను. ఆ కుర్రాడు చెప్పేది అబద్ధమని నీకూ తెలుసు, గంట క్రితం ఆ నేల మీద నువ్వే కూర్చుని తడిమావు అన్నాను. మా మరిది కుర్చీలో కూర్చుని మొహం రుద్దుకున్నాడు.

"తెలుసు వదినా. కానీ ముద్దాయి నేనే అంటున్నాడు. మోటివ్ ఉంది, చేతికి రంగుంది, పోట్లాట విన్న సాక్షి ఉన్నాడు. మా పై ఆఫీసరు ముందు పెట్టడానికి మీ దగ్గరేముంది? ముడతలా?"

"వలల షెడ్డులో పదిమంది ఉన్నారు."

"మధ్యలో లేచి వెళ్ళొచ్చాడేమో గుర్తులేదని నలుగురి చేత అనిపించడం ఎంతసేపు? నేను అనిపించను. నా పైవాడు అనిపిస్తాడు. ఒప్పుకున్నవాణ్ణి వదిలిపెట్టమని ఏ ముఖం పెట్టుకుని అడగను? ఇంకొకరి పేరు చెప్పండి, ఇప్పుడే వదిలేస్తాను."

పేరు నా నోటిదాకా వచ్చింది. సాయంత్రంలోపు వాంగ్మూలం రాయించి పంపాలన్నాడు. అది పంపితే ఆ కుర్రాడి పని అయిపోయినట్టే. కాసేపు ఆగమన్నాను. ఎందుకని అడగలేదు, ఆగుతానన్నాడు. అప్పటికి అతనికీ అర్థమైందనుకుంటాను.

బయటికొచ్చి ఆవిడ పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఈ బట్టలు వాడికి ఇవ్వనిస్తారా అని అడిగింది. ఇంకా అడగలేదన్నాను.

"మీ తమ్ముడు ఒప్పుకున్నాడమ్మా."

"ఏమని?"

"మీ ఆయన్ని తనే చంపానని. ఇందాకటిదాకా కాదన్నాడు. దిండు ఫోటో చూసి ఒప్పుకున్నాడు."

ఆవిడ సంచి మూతి దారం బిగించింది, విప్పింది, మళ్ళీ బిగించింది. ఏడవలేదు. నావైపు చూడకుండానే, చాలా మామూలుగా అంది.

"తల కింద ఏమీ లేకపోతే ఆయనకి నిద్ర పట్టదు."

తర్వాత అంతా చెప్పింది. పాత ప్లైవుడ్ తీసేసి ఉన్నప్పుడు పరుపుల కొలతకు వెళ్ళింది. కత్తెర మొన తగిలి దూలంలోకి దిగబడింది. మేస్త్రి బాగుచేస్తాడులే అన్నాడు మొగుడు. సరే అనుకుంది. మొన్న పొద్దుగుంకే వేళ, కొత్త గోడ వచ్చాక తలవైపు చోటు తగ్గిందేమో, దిండు పడుతుందో లేదో గుమ్మంలోంచే కంటితో పోల్చి చూద్దామని ఒక్క దిండు పట్టుకుని సముద్రం వైపు నుంచి షెడ్డులోకి వచ్చింది. అటు గేటూ లేదు, వాచ్‌మనూ ఉండడు. మొగుడు గుమ్మం దగ్గర నిలబడి రంగు చూసుకుంటున్నాడు. లోపల కొత్త పలక, దానికి లప్పం పెట్టని మరలు కనిపించాయి. అది బాగుచేశారా అని అడిగింది. మూసేశాం, ఒక సీజన్ ఆగుతుందన్నాడు. నా తమ్ముడు దానికి ఆనుకుని పడుకుంటాడు కదా అంది.

"ఏమన్నారు?"

"మునిగితే ఈదుకొస్తాడులే అన్నాడు. నవ్వుతూనే అన్నాడండీ. చెడ్డవాడు కాదు. భయమేస్తే అలాగే నవ్వుతాడు. బోటు మీద అంతా పెట్టేశాడు కదా, పాడు బోటు కొని మోసపోయానని ఒప్పుకోలేకపోయాడు."

చేతిలో ఉన్న దిండుతోనే ఛాతీ మీద తోసింది. అతను మెట్ల మీదుగా వెనక్కి, క్యాబిన్‌లోకి పడ్డాడు. ఇంజన్ పెట్టె ఇనుప మూల తలకి తగిలింది. ఇంకా ఊపిరి ఉంది. పచ్చి రంగులో పడి ఉన్నాడని చంకల కింద చేతులేసి లాగి బల్ల మీద పడుకోబెట్టింది. తల కింద దిండు పెట్టింది. లేస్తాడని కూర్చుంది. చీకటిపడ్డాక ఊపిరి ఆగింది. అప్పుడు నేల మీద తన అడుగులు కనపడ్డాయి. గుమ్మం బయట రోలర్ ఉంది. ఆ రంగు వేసింది తమ్ముడని ఆ క్షణంలో తట్టనే లేదట.

నన్నెందుకు పెట్టుకున్నారని అడిగాను. కాలు జారి పడ్డాడని మీరు తేలుస్తారనుకున్నాను అంది. అలా తేలితే ఇద్దరం ఇంటికి వెళ్ళొచ్చనుకుంది. రెండు రోజులుగా ఈ బెంచీ మీదకి వచ్చి కూర్చుంటోంది, లోపలికి వెళ్ళి చెబుదామని. కాళ్ళు లేవలేదు.

నేను నోరు తెరవకముందే లేచింది. సంచి నా ఒళ్ళో పెట్టి, ఇవి వాడికి ఇవ్వండి, చొక్కా మార్చుకోమనండి అని లోపలికి నడిచింది. ఆపాలనిపించింది. ఆపలేదు. ఆపితే ఊచల వెనక ఉన్నవాణ్ణి కాపాడేవాళ్ళు ఎవరూ మిగలరు.

ఆ తర్వాత గంటసేపు స్టేషన్‌లో విన్నది నేను మర్చిపోలేను. అక్క చెబుతుంటే తమ్ముడు ఊచలు బాదుతూ అది అబద్ధం, నన్ను కాపాడ్డానికి చెబుతోంది అని అరిచాడు. గొంతు పోయేదాకా అరిచాడు. మా మరిది ఆవిణ్ణి చెప్పులు విడిచి కాలు ఒక కాగితం మీద పెట్టమన్నాడు. ఆ కాలి చుట్టూ తనే పెన్సిల్‌తో గీత గీశాడు.

కాగితాల తతంగం ముగిసేసరికి సాయంత్రమైంది. ఆవిణ్ణి వెనక గుమ్మంలోంచి జీపు ఎక్కించారు. తమ్ముణ్ణి ముందు గుమ్మంలోంచి వదిలారు. ఉతికిన చొక్కా చేతిలో పట్టుకుని వరండాలోకి వచ్చాడు, వేసుకోలేదు. నా ముందు ఆగాడు.

"మిమ్మల్ని ఈ కేసులోకి ఎవరు రమ్మన్నారు?" అన్నాడు. గొంతు బొంగురుపోయి సరిగ్గా వినపడలేదు.

"మీ అక్కే," అన్నాను.

అతను తల ఊపాడు. రోడ్డు వైపు రెండడుగులు వేసి, కాసేపు అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిణ్ణి చూడ్డానికి ఎప్పుడు రానిస్తారని కానిస్టేబుల్‌ని అడిగాడు. రేపు రమ్మన్నాడు కానిస్టేబుల్. ఇక్కడే ఉంటానన్నాడు.